శుక్రవారం ఓపీకి ప్రోగ్రాం

పాకాల నుంచి తిరుపతికి పోయే పొద్దుటి రైల్లో కర్చీఫు వేసి సీటు పట్టే పద్ధతి మీద నాకు చాలా ఏళ్లుగా ఒక ఫిర్యాదు ఉంది. కర్చీఫు వేసినవాడు ప్లాట్‌ఫారం మీద నిదానంగా టీ తాగుతుంటాడు. నేను రెండు కాళ్లు, ఒక సంచి, చెల్లుబాటయ్యే సీజన్ టికెట్టు పెట్టుకుని నిలబడి ఉంటాను. ఒకసారి కూర్చోబోతే ఎదురు సీటు పెద్దాయన "ఆ సీట్లో మనిషి ఉండాడప్పా" అన్నాడు. చూస్తే మనిషి లేడు, నీలం గళ్ల గుడ్డ ఉంది. గుడ్డను మనిషితో సమానంగా గౌరవించే ఊరు మాది. అందులో తప్పేమీ లేదు. ఆ గుడ్డ ఒక్కరోజు కూడా నాది కాకపోవడమే నా బాధ.

ఆ రైల్లోనే, అట్లా నిలబడే, నలభై రెండేళ్ల వయసులో నేను పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఒక చేత్తో పైనున్న కడ్డీ, ఇంకో చేత్తో ఫోను. పైథాన్ అంటే కంప్యూటరుకు పని చెప్పే భాషల్లో ఒకటి. కంప్యూటరుకు పని చెప్పాల్సిన అవసరం నా జీవితంలో అంతవరకూ రాలేదు. నాకు పని చెప్పేవాళ్లతోనే పొద్దు సరిపోయేది.

తిరుపతిలో ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో నేను టోకెన్ కౌంటరు గుమాస్తాని. చదివింది బియ్యెస్సీ, వృక్షశాస్త్రం. ఆకుల్లో ఈనెలు ఎన్ని రకాలుగా సాగుతాయో ఇప్పటికీ చెప్పగలను, ఎవరూ అడగరు. కౌంటరులో రెండు కుర్చీలు. ఒక దాంట్లో నేను కూర్చుని వచ్చినవాళ్ల పేరు రాసుకుని నంబరు చీటీ ఇస్తాను. రెండో దాంట్లో నాకంటే పదేళ్లు పెద్దదైన ఒకామె కూర్చుని ఆ నంబర్లు పిలుస్తుంది. నేను అక్కా అంటాను. చంద్రగిరి దగ్గర పల్లె నుంచి బస్సులో వస్తుంది. ఆసుపత్రి తెరిచినప్పటి నుంచీ ఆ కుర్చీ ఆమెదే. డాక్టర్లు మారారు, గోడల రంగు మారింది, కుర్చీ కూడా రెండుసార్లు మారింది.

ఒక సోమవారం సాయంత్రం ఓపీ అయిపోయాక మేనేజరు మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. ఆయన చెన్నైలో ఏదో పెద్దాసుపత్రి చూసొచ్చి రెండు రోజులయింది.

"ఆడ టోకెన్లు పిలిచేదానికి మనుషులే లేరప్పా. తెర ఉండాది. నంబరు పడతాది. జనం లేచి లోపలికి పోతారు. గలాటా లేదు, అరుపుల్లేవు. మనకూ పెడతామని కంపెనీవోళ్లు అంటా ఉండారు. మనిషిని కూడా వాళ్లే పంపిస్తారంట."

"మరి మేము సార్?" అంది అక్క.

"అదే ఆలోచిస్తా ఉండా."

మేనేజర్లు ఆలోచిస్తున్నామంటే ఆలోచించడం అయిపోయిందని అర్థం.

నాకో జబ్బు ఉంది. భయమేస్తే నోటికి జోకు వస్తుంది. మా పెళ్లిచూపుల్లో కూడా ఇదే జరిగింది, దాని ఫలితం ఇప్పటికీ అనుభవిస్తున్నది మా ఇంటామె. ఆ రోజు కూడా, "దానికి కంపెనీ ఎందుకు సార్, నాలుగు ముక్కలు ప్రోగ్రాం రాస్తే అయిపాయె. నేనే రాసిపెడతా" అన్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వడం ఆయనకు అలవాటు లేదు. "నీకు వస్తాదా?" అన్నాడు.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదు. కానీ పక్కనే అక్క నా వైపు చూస్తోంది.

"వస్తాది సార్."

"అట్లయితే ఆరు వారాలు తీసుకో. శుక్రవారం ఓపీలో నడిపి సూపియ్యి. నడిస్తే కంపెనీవోళ్లను రావద్దంటా, మీ ఇద్దురూ ఉంటారు. నడవకపోతే..."

ఆ వాక్యం ఆయన పూర్తి చేయలేదు. చేయాల్సిన అవసరం ఉన్న వాక్యం కాదది.

మెట్లు దిగుతుంటే అక్క, "నీకు ఈ విద్య కూడా వస్తాదని ఎప్పుడూ సెప్పలేదే తమ్ముడూ" అంది.

"రాదక్కా."

ఆమె ఇంకో రెండు మెట్లు దిగి, కమ్మీ పట్టుకుని ఆగింది. "నాకు యాబై రెండు. ఈ మోకాళ్లను సూసి ఇంగ ఎవురూ పని ఇయ్యరు. ఇంట్లో ఆయప్ప నడుము పోయి ఆరేళ్లాయె" అంది. తర్వాత, వచ్చేటప్పుడు పెరుగు తీసుకురా అన్నంత మామూలుగా, "నేర్సుకో" అంది.

శుక్రవారం అని మేనేజరు ఊరికే అనలేదు. కంటి లోపలి నరాన్ని చూసే పెద్ద డాక్టరు వేరే ఊరి నుంచి వారానికి ఒక్కరోజు, శుక్రవారమే వస్తాడు. మధ్యాహ్నం ఒకటిన్నరకు లేచి రైలుకు పోతాడు. ఒకటీ ముప్పై ఒకటికి ఆయన్ని ఆసుపత్రిలో చూసినవాళ్లు లేరు. నగరి, పుత్తూరు, పీలేరు, పలమనేరు, ఎక్కడెక్కడి నుంచో ఆ రోజు జనం వస్తారు. శుక్రవారం నడిచింది ఏ రోజైనా నడుస్తుంది.

నేను పాఠాలు విన్నది ఒక వీడియో మాస్టారు దగ్గర. ఉచితం. తెలుగులోనే చెప్పేవాడు. రెండు నిమిషాలకోసారి "చాలా సింపుల్" అనేవాడు. ఆయన సింపుల్ అన్న చోటల్లా నేను వీడియో ఆపి వెనక్కి జరిపేవాణ్ణి. చంద్రగిరి దాటేలోపల పది నిమిషాల పాఠంలో నాలుగు నిమిషాలు ముందుకు పోతే ఆ రోజు చదువు బాగా సాగినట్టు.

మొదటి వారం కంప్యూటరు చేత నా పేరు చెప్పించాను. నేను చెప్పమన్నదే అది తిరిగి చెప్పింది. ఇందులో గొప్ప ఏముందని మా ఇంటామె అడిగింది. మన ఇంట్లో అట్లా జరగడం నాకు కొత్త అన్నాను. ఆ పూట పప్పులో ఉప్పు కొంచెం ఎక్కువైంది.

రెండో వారం మధ్యాహ్నాలు, ఓపీ పలచబడ్డాక, కౌంటరు కంప్యూటరు మీదే రాయడం మొదలుపెట్టాను. అక్కడ తెలిసింది, ఈ భాషలో ప్రతి వాక్యం ఎంత లోపలికి జరిగి మొదలవ్వాలో కూడా నియమం ఉందని. నాలుగు ఖాళీలు ఉండాల్సిన చోట మూడు ఉంటే అది పని ఆపేసి ఇంగ్లీషులో ఎర్రటి అక్షరాలతో తిడుతుంది. మా నాయన తిట్లలో కనీసం కారణం ఉండేది. ఈ తిట్లకు అర్థం తెలుసుకోవడానికే సగం పూట పోయేది.

ఒక రోజు నంబర్లను వరుసగా పెట్టమని చెప్పాను. పెట్టింది. ఒకటి, పది, పదకొండు, పన్నెండు, అట్లా పందొమ్మిది దాకా పోయి, అప్పుడు రెండు. నేను అరగంట ఆ వరుసను చూస్తూ కూర్చున్నాను. అక్క వెనక నుంచి తొంగి చూసింది.

"రెండోవోణ్ణి కూర్సోబెట్టి పదోవోణ్ణి పిలుస్తావా? నీ కాలరు పట్టుకుంటారు."

"నేను పిలవలేదక్కా, అది పిలిచింది."

"కాలరు దానికి లేదు గదా."

అంకెలను అది అంకెలుగా కాకుండా అక్షరాలుగా చదువుతోందని కనుక్కోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. సరిచేయడానికి పట్టింది ఒక్క మాట. ఈ విద్యలో నన్ను అన్నిటికంటే కుంగదీసింది ఇదే. మూడు రోజులు కష్టపడినా, ఎవరికైనా చూపించడానికి చివరికి మిగిలేది ఒక్క మాట.

మూడో వారానికి నిద్రలో కూడా ఎర్రటి అక్షరాలు కనిపించసాగాయి. మేనేజరు కౌంటరు దగ్గరికి వచ్చినప్పుడల్లా, "ఇదంతా ఇప్పుడు ఫోనును అడిగితే అదే రాసిస్తాదంట గదప్పా?" అనేవాడు. నిజమే. అడిగాను. రెండు వందల లైన్లు రాసిచ్చింది. చూడడానికి కల్యాణ మండపంలా ఉంది. నడిపితే నూట పద్నాలుగో లైను దగ్గర ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పడానికి ముందు అది ఎట్లా నడుస్తోందో నాకు తెలియాలి గదా. శుక్రవారం పొద్దున డాక్టరు లోపల, జనం బయట ఉండగా నాకు అర్థం కాని లైను ఆగిపోతే ఏం చేయాలని ఆలోచించి, దాన్ని పక్కన పెట్టి మళ్లీ నా అరవై లైన్ల గుడిసెలోకే వచ్చాను. కారినా ఎక్కడ కారుతుందో తెలిసిన ఇల్లు.

అప్పుడు మొదలైంది అసలు పని. నంబర్లు వరుసగా పిలవడం ఒకటో క్లాసు పిల్లలు కూడా చేస్తారు. అక్క అట్లా పిలిచేది కాదు. కంట్లో చుక్కలు వేసినవాళ్లను అరగంట ఆగి పిలిచేది. షుగరున్న వాళ్లను టిఫిను తిన్నాకే పిలిచేది. పలమనేరు వైపు చివరి బస్సుల వాళ్లను కొంచెం ముందుకు జరిపేది, ఎవరికీ తెలియకుండా. చంటిబిడ్డ తల్లిని, బిడ్డ నిద్రపోతున్నప్పుడే పంపేది. ఇన్నేళ్లు పక్క కుర్చీలో కూర్చుని నేను ఇవేవీ గమనించలేదు. ఏదో ఆమె ఇష్టం కొద్దీ పిలుస్తోంది అనుకునేవాణ్ణి.

ఒక నోటుబుక్కు కొన్నాను. టీ వేళ అడిగేవాణ్ణి, ఆమె చెప్పేది.

"సుక్కలేసినోళ్లు వచ్చి ఇంగా ఎంతసేపు అంటే ఏం సేస్తావక్కా?"

"కన్ను సూస్తా. నల్లగుడ్డు పెద్దదయింటే పంపిస్తా."

"కంప్యూటరు కన్ను సూడలేదే."

"అయితే అరగంట అని రాసుకో. ముసిలోళ్లయితే ఇంగో పది నిమిషాలు కలుపు. వాళ్లకు నిదానంగా పని సేస్తాది మందు."

రాసుకున్నాను. ఒక్కో మాట ఒక్కో షరతు. ఇట్లా ఉంటే ఇట్లా చెయ్యి, లేకపోతే అట్లా చెయ్యి. ఆమె చెప్పేకొద్దీ నా ప్రోగ్రాంకు బుద్ధి వస్తోంది. ఆమెకు కూడా సరదాగా ఉండేది. ఎవరూ ఎప్పుడూ అడగని సంగతులు ఒకడు పెన్ను పట్టుకుని అడుగుతుంటే ఎవరికైనా బాగుంటుంది. "ఇది రాసుకున్నావా? ఇది గూడా రాసుకో" అని ఆమే గుర్తుచేసేది.

మేనేజరుకు తెర మీద మోజు. టీవీ ఒకటి తెప్పించి గోడకు పెట్టించాడు. నంబరు అందులో పెద్దగా పడుతుంది. దాన్ని చూసి అక్క, "ఇది కళ్లాసుపత్రి. సుక్కలేసుకున్నోళ్లు తెరను యాడ సూస్తారు?" అంది. ఆ ఆలోచన నాకు గానీ, చెన్నై చూసొచ్చిన మేనేజరుకు గానీ రాలేదు. అయితే గొంతు కూడా కావాలి. ఇంటర్నెట్టులో దొరికిన గొంతు "ముప్పై" అంటే ఎవరినో కొట్టడానికి పిలిచినట్టు ఉంది. చివరికి అక్క గొంతే ఫోనులో పట్టుకున్నాను. కళ్లద్దాల ఫ్రేములు పెట్టే స్టోరు గదిలో తలుపు వేసుకుని, రెండు మధ్యాహ్నాలు, ఒకటి నుంచి నూట యాబై దాకా. ప్రతి నంబరు చివర ఆమె "రా నాయనా" అనో "రామ్మా" అనో అనేది. అవి వద్దక్కా, ఎవరొస్తారో దానికి తెలియదు అన్నాను. ఆమె కొంచెం ఇబ్బందిపడింది. ఉత్త నంబరు చెప్పడం ఆమెకు చేతకాలేదు. తొంభై దాటాక అలవాటయింది.

ఆ వారం ఇంట్లో నా నోటుబుక్కు మా ఇంటామె తిరగేసింది. ఆమెది నగరి, మగ్గాల ఇల్లు. పని తెలిసినవాళ్లంటే ఆమెకు ఒక లెక్క ఉంటుంది.

"ఇదంతా ఆమె సెప్పిందేనా?"

"ఊ."

"ఆమె నోట్లోది మొత్తం తీసి దీంట్లో పెడతా ఉండావు. పెట్టినాక ఆమెతో పనేముంటాది?"

"ఇద్దురూ ఉంటారని మేనేజరు సెప్పినాడు."

"రాసిచ్చినాడా?"

మేనేజరుకు కూడా పైథాన్ రాదు, రాసివ్వలేడు అన్నాను. ఆమె నవ్వలేదు. నోటుబుక్కు మూసి బియ్యం డబ్బా మీద పెట్టి పోయింది. నేను ఆ మాటను రైల్లో ఒకటి రెండుసార్లు తలుచుకున్నాను. తర్వాత ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపులు గుర్తొచ్చాయి, ఎర్రటి అక్షరాలు గుర్తొచ్చాయి, శుక్రవారం గుర్తొచ్చింది. ముందు ఇది నడవాలి, నడవకపోతే ఇద్దరం పోతాం. ఆ లెక్క సులువుగా ఉంది. దాన్నే పట్టుకున్నాను.

ఆరో వారం గురువారం సాయంత్రం మేనేజరు కౌంటరు దగ్గర నిలబడి మొత్తం చూశాడు. నంబరు తెర మీద పడింది, అక్క గొంతు పలికింది. ఆయన తల ఊపాడు.

"పిలిస్తే రాకపోతే?"

"వచ్చేదాకా పక్కన పెడతాది సార్."

"అట్ల కాదప్పా. రెండుసార్లు పిలువు. రాకపోతే ఎగరగొట్టు. మళ్లీ కొత్త టోకెను తీసుకోవాల. క్రమశిక్షణ రావాల జనానికి."

అక్క అప్పటికే బస్సెక్కేసింది. నేను అక్కడే కూర్చుని రాశాను. మూడు లైన్లు. మొదటిసారే ఎర్రర్ లేకుండా నడిచాయి. ఆరు వారాల్లో అట్లా జరగడం అదే మొదలు. అట్లాంటిది జరిగినప్పుడు మనిషి అనుమానపడాలి. నేను సంతోషపడ్డాను.

శుక్రవారం పొద్దున ఎనిమిదికే హాలు నిండిపోయింది. తొంభై దాకా చీటీలు ఇచ్చాను. మొదట కొంతసేపు మామూలుగా అక్కే పిలిచింది. మేనేజరు ఇస్త్రీ చొక్కాలో పదింపావుకు వచ్చాడు. వస్తూనే గడియారం చూశాడు.

"పదిన్నరకు రాహుకాలం వస్తా ఉండాది. ఆలోపలే మొదలుపెట్టెయ్యప్పా."

నేనూ అదే అనుకుంటున్నాను. పొద్దున ఇంటామె కూడా అదే చెప్పి పంపింది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా మా వైపు ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు. కొత్త చెప్పులు కూడా వేసుకోరు. పదీ ఇరవై రెండుకు, మనసులో దండం పెట్టుకుని, ఎంటర్ నొక్కాను.

మేనేజరు అక్కను కౌంటరు లోంచి లేపి గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోమన్నాడు. "ఈ పొద్దు నువ్వేం మాట్లాడొద్దు. మిషనే అంతా సూసుకోవాల. అప్పుడే తెలుస్తాది." ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆమె గొంతు స్పీకర్లోంచి "ఇరవై మూడు" అంది. ఇరవై మూడు లేచి లోపలికి పోయాడు. ఇరవై నాలుగు పోయింది. ఇరవై ఐదు, చుక్కల మనిషి, అరగంట కాలేదు, ప్రోగ్రాం అతన్ని దాటి ఇరవై ఆరును పిలిచింది. నా వీపు మీద చెమట అప్పుడే కొంచెం ఆరింది.

పదిన్నర దాటాక హాలు పలచబడింది.

"సూసినావా, రద్దీ ఎట్ల తగ్గిపోయినాదో" అన్నాడు మేనేజరు.

నేను కూడా అట్లానే అనుకున్నాను. "ఇరవై తొమ్మిది" అంది స్పీకరు. ఎవరూ రాలేదు. మళ్లీ అంది. రాలేదు. ఇరవై తొమ్మిది రద్దయింది. ముప్పై వచ్చాడు. ముప్పై ఒకటి రాలేదు. ముప్పై రెండు, మూడు, నాలుగు రాలేదు. తెర మీద నంబర్లు చకచకా మారుతున్నాయి. గోడ పక్కన అక్క కుర్చీలో ముందుకు జరిగి చెయ్యి ఎత్తింది. మేనేజరు అరచేయి చూపించి కూర్చోమన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను కూడా, ఒక్క నిమిషం ఆగక్కా అన్నట్టు తల ఆడించాను. నిజంగానే ఒక్క నిమిషమే అనుకున్నాను.

పదకొండూ నలభైకి ముప్పై ఎనిమిది టోకెన్లు రద్దయి ఉన్నాయి. డాక్టరు లోపలి నుంచి మనిషిని పంపాడు, జనం అయిపోయినారా అని.

సరిగ్గా పన్నెండు దాటాక మెట్ల మీద కాళ్ల చప్పుడు వినిపించింది. వాళ్లు ఎక్కడికీ పోలేదు. కొందరు కింద పోర్టికోలో, కొందరు ఎదురు టిఫిను అంగడిలో, కొందరు వేపచెట్టు నీడలో కూర్చుని ఉన్నారు. చుక్కలు వేయించుకున్నవాళ్లకు వైద్యం అప్పటికే మొదలైనట్టు లెక్క, వాళ్లు పైనే ఉన్నారు. మిగతావాళ్లు రాహుకాలంలో డాక్టరు ముందు కూర్చోరు. ఆపరేషను మాట ఆ గంటన్నరలో వినరు. ఇన్నేళ్లు ప్రతి శుక్రవారం ఇదే జరిగింది. ప్రతి శుక్రవారం అక్క ఆ నంబర్లను పక్కన పెట్టి పన్నెండు తర్వాత పిలిచింది. ఆమె చర్చికి పోయే మనిషి, రాహుకాలంతో ఆమెకు ఏ సంబంధమూ లేదు. నాకు చెప్పలేదు, ఎందుకంటే ఇది ఒకరు ఒకరికి చెప్పే సంగతి కాదు. రాహుకాలం చూసుకుని ఎంటర్ నొక్కినవాడికి రాహుకాలం ఉందని ఎవరు చెబుతారు?

"నలభై రెండు ఎప్పుడు పిలుస్తారు?"

"నా నంబరు పోయిందంటా ఉండాదే, యాడికి పోయింది?"

నగరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కూతురి భుజం పట్టుకుని, చీటీ నా ముందు పెట్టాడు. ముప్పై ఆరు. కూతురు మెల్లగా చెప్పింది. "కంట్లో నెత్తురు దిగినాదంట సార్. కోయాల్నా వద్దా ఈ పొద్దు సెప్తానన్నాడు డాక్టరు. వచ్చే శుక్రారం ఆయప్ప రాడంట గదా." ప్రోగ్రాం ప్రకారం ఆయన కొత్త టోకెను తీసుకోవాలి. కొత్త టోకెను నూట మూడు. డాక్టరు వెళ్లేలోపల నూట మూడు రాదు.

ఆ మూడు లైన్లు తీసేస్తే చాలు. అంత తెలుసు నాకు. తీశాను. తొందరలో పక్క లైను ఖాళీలు కూడా పోయాయి. నడిపితే తెర నిండా ఎర్రటి అక్షరాలు. ఆ తెర నా ముందున్నది ఒక్కటే కాదు, గోడ మీది టీవీ కూడా. నలభై మంది దాన్ని చూస్తున్నారు. మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి గట్టిగా ఊపిరి తీస్తున్నాడు. మళ్లీ సరిచేశాను, మళ్లీ ఎర్రగా వచ్చింది. ఏ లైనో కనబడటం లేదు. కళ్లాసుపత్రిలో అట్లా జరగడం మామూలే, కానీ సాధారణంగా గుమాస్తాలకు జరగదు.

అప్పుడు అక్క లేచింది. ఎవరినీ అడగలేదు. వచ్చి నా ముందున్న కాగితం, పెన్ను తీసుకుని గుంపు వైపు చూసింది.

"పసుపు సీరామె, నీది ఇరవై తొమ్మిది. రామ్మా. సేతికి కట్టు ఉండే నాయనా, ముప్పై ఒకటి నువ్వు, ఆమె ఎనక నిలబడు. పెద్దాయనా, నువ్వు ముప్పై ఆరు, మూడు మంది తర్వాత. బిడ్డెత్తుకున్నామె, నువ్వు ఇప్పుడే పో, మళ్లీ ఏడుస్తాది."

ఒక్క చీటీ చూడలేదు. పొద్దున నేను చీటీ ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరిని చూసి పెట్టుకుంది, అంతే. అయిదు నిమిషాల్లో హాలులో మళ్లీ వరుస వచ్చింది. కంప్యూటరు మూసేయమని మేనేజరు సైగ చేశాడు. మూసేశాను. గంటకు పైగా ఆమె అట్లాగే నిలబడి, నంబరుతో పాటు రా నాయనా, రామ్మా అంటూ పిలిచింది. నగరి పెద్దాయన లోపలికి పోయి, కూతురితో పాటు తలవంచుకుని బయటికి వచ్చి, ఆపరేషను తేదీ రాయించుకుని వెళ్లాడు. ఒకటీ ఇరవై ఎనిమిదికి చివరి మనిషి బయటికి వచ్చింది. డాక్టరు బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు.

మేనేజరు మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. కూర్చోమనలేదు. నేను మనసులో ఒక క్షమాపణ తయారు చేసుకున్నాను, దాంట్లో ఒక చిన్న జోకు కూడా ఉంది.

అది అవసరం పడలేదు. ఆయనకు కోపం లేదు.

"మొదట్లో బాగానే నడిచినాది గదా" అన్నాడు. "సుక్కలోళ్లను దాటేసి పిలిచినాది, నేను సూసినా. నేను ఎగరగొట్టమన్నది తప్పు, అది తీసెయ్యి. రాహుకాలం ఒకటే గదా తక్కువ. అది ఎక్కించేదానికి అవుతాదా?"

"అవుతాది సార్" అన్నాను. "ఏడు రోజులు, ఏడు టైములు. ఆ టైము దాటేదాకా పక్కన పెట్టి తర్వాత పిలవమని చెప్తే సాలు. పది లైన్లు కూడా రావు."

"అంటే ఇంగ ఈమె సెప్పేది ఏమీ మిగిల్లేదు."

"అన్నీ ఎక్కించినా సార్" అన్నాను. గర్వంగానే అన్నాను. ఆ మాట ఎవరి గురించో నోట్లోంచి బయటికి వచ్చాక తెలిసింది.

మేనేజరు టేబులు మీది పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "కంపెనీవోళ్లను రావద్దంటా. మాటంటే మాటే. అయితే ఇది ఇంత బాగా అయినాక, కౌంటర్లో ఒక్కరు సాలు గదప్పా? ఏమంటావు? రాసింది నువ్వు, నీకే తెలుస్తాది."

అక్క నా పక్కనే నిలబడి ఉంది. గంటన్నర పిలిచి పిలిచి ఆమె గొంతు బొంగురుపోయింది, మధ్యమధ్య మెల్లగా దగ్గుతోంది. చెప్పాల్సినవి నాకు తెలుసు. ఈ పొద్దు రాహుకాలం, రేపు ఇంకేదో. ఆషాఢం, అమావాస్య, ఊళ్లో జాతర, బస్సుల సమ్మె. మనకు తెలుసని కూడా తెలియనివి ఇంకెన్ని ఉన్నాయో, అవి ఆమె ఆ కుర్చీలో ఉంటేనే బయటపడతాయి. ఇదంతా వరుసగా తలలోకి వచ్చింది. ప్రోగ్రాం రాసినవాడే ఒక్కరు చాలరు సార్ అంటే ఆయన నమ్మేవాడు. అయితే ఒక్కరు చాలరు అంటే, అట్లయితే నీ ప్రోగ్రాం ఎందుకు అంటాడేమో, కంపెనీనే పిలుస్తాడేమో, అప్పుడు ఇద్దరం పోతామేమో. ఒక్కరే చాలు అంటే ఆ ఒక్కరు ఎవరో నాకు తెలుసు.

ప్రతిదానికీ ఏదో ఒక మాట అనేవాణ్ణి. ఆయన వెనక గోడకు ఒక క్యాలెండరు ఉంది. దాంట్లో ఏ రోజు రాహుకాలం ఎప్పుడో కింద సన్నటి అక్షరాల్లో వేసి ఉంటుంది. అది చదువుతూ నిలబడ్డాను.

మేనేజరు పెన్ను జేబుకు తగిలించుకున్నాడు. "సరే" అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, "నెలాఖరు దాకా ఉండమ్మా, సూస్తాం" అన్నాడు.

"సరే సార్" అంది అక్క.

ఇద్దరం కిందికి వచ్చాం. హాలులో ఊడ్చే ఆమె కుర్చీలు జరుపుతోంది. అక్క కౌంటరు లోపలికి పోయి తన క్యారియరు, గొడుగు తీసుకుంది. నీళ్ల సీసా మూత తీసి రెండు గుక్కలు తాగింది. నేను కీబోర్డు మీద దుమ్ము తుడుస్తున్నాను, దుమ్ము లేకపోయినా. నా నోటుబుక్కు ఆమె వైపు ఉంటే నా వైపు జరిపింది. సీసా సంచిలో పెట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుని, గొంతు సవరించుకుంది.

"ఆయప్ప నిన్నే గదా అడిగినాడు. నోరు తెరిసింటే ఏం పొయ్యేది?"